వెలుగును బయటికి పంపే అద్దం

ఆదిత్య-ఎల్1 వ్యోమనౌకలోని ఏడు పరికరాల్లో ప్రధానమైనది వీఈఎల్‌సీ. సూర్యుడి చుట్టూ ఉండే కరోనాను గ్రహణంతో పనిలేకుండా చూపించే కరోనాగ్రాఫ్ అది. బరువు సుమారు 190 కిలోలు. బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ, అంటే ఐఐఏ, ఇస్రో కేంద్రాలతో కలిసి దాన్ని తయారుచేసింది. ఆ పరికరంలో రెండో అద్దానికి నట్టనడుమ ఒక రంధ్రం ఉంది. టెలిస్కోపు అంటే వెలుగును పోగుచేసే సాధనమని బడిలో చదువుకున్నాం. ఇక్కడ మాత్రం మొదటి అద్దం పోగుచేసిన వెలుగంతా, దాదాపు చివరి బొట్టు వరకూ, ఆ రంధ్రంలోంచి బయటికి పోవాలి. పోగా మిగిలినదే కావలసిన వెలుగు.

అంతరిక్ష పరికరాల ఆప్టిక్స్ రంగంలోకి రావాలనుకునే విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, కోర్సుల పేర్లు చెప్పేముందు ఈ రంధ్రాన్నే చూపిస్తాను. వెలుగు ఎక్కడికి పోవాలో లెక్కకట్టడం ఈ వృత్తిలో సగం పని. పోకూడని చోటికి ఎంత పోతోందో కనిపెట్టడం మిగతా సగం, కష్టమైన సగం. రెండోదాన్ని ఇష్టంగా చేయగలిగినవాళ్లే ఇందులో నిలబడతారని నా నమ్మకం.

ముందు సమస్య ఎంత పెద్దదో చూద్దాం. సూర్యబింబం అంచుకు దగ్గర్లో కూడా కరోనా వెలుగు బింబం వెలుగులో సుమారు పదిలక్షల వంతు మాత్రమే. బింబానికి దూరమయ్యేకొద్దీ అది ఇంకా వంద రెట్లకు పైగా తగ్గిపోతుంది. సంపూర్ణ గ్రహణంలో మామూలు కంటికే కరోనా కనిపించడానికి కారణం, చంద్రుడు మన గాలికి అవతల, లక్షల కిలోమీటర్ల దూరంలో నిలబడి బింబాన్ని మూసేయడం. మన చేతిని అడ్డుపెట్టి బింబాన్ని మూస్తే ఆ ఫలితం రాదు. చేతికి అవతల ఉన్న గాలి అప్పటికే ఎండతో నిండి ఉంటుంది. 1930 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రవేత్త బెర్నార్ లియో తొలి కరోనాగ్రాఫ్ చేసినప్పుడు పిరనీస్ పర్వతాల మీద పిక్ దు మిది శిఖరానికి ఎక్కింది అందుకే: గాలి పలచన, దుమ్ము తక్కువ. ఆదిత్య-ఎల్1 ఆ గాలిని పూర్తిగా దాటేసింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ57 మీద బయల్దేరి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 బిందువు చుట్టూ కక్ష్యలో కుదురుకుంది. ఆకాశం నల్లగా ఉంది, సూర్యుడికి అడ్డు ఏదీ రాదు. ఇక కరోనాను చెడగొట్టగలిగింది ఒక్కటే, పరికరం. తన వెలుగుతో తానే.

వీఈఎల్‌సీ ముంగిట ఉన్న కాంతిద్వారం వ్యాసం 147 మిల్లీమీటర్లు. భూమి దగ్గర చదరపు మీటరుకు 1361 వాట్ల ఎండ పడుతుంది. ఆ లెక్కన ఈ ద్వారంలోకి సుమారు 23 వాట్ల వెలుగు వస్తుంది. కరోనాది అందులో వాటుకు లక్షవంతుల్లో చెప్పుకోవలసిన మాట. ఆ 23 వాట్లూ ముందుగా మొదటి అద్దం మీద పడతాయి.

ఇక్కడ లెన్సు కాకుండా అద్దం ఎందుకు? లెన్సు ఒక్కో రంగును ఒక్కో దూరంలో కేంద్రీకరిస్తుంది. వీఈఎల్‌సీ 500 నానోమీటర్ల ఆకుపచ్చ నుంచి 1074.7 నానోమీటర్ల పరారుణం దాకా చూడాలి. అద్దానికి రంగుల భేదం లేదు, ఏ రంగైనా ఒకే చోటికి తెస్తుంది. పైగా లెన్సుకు రెండు ముఖాలుంటాయి. వాటి మధ్య అటూ ఇటూ తిరిగిన వెలుగు దొంగ బింబాలుగా తేలుతుంది. అద్దంతో ఆ బెడద లేదు, కానీ ఇంకో చిక్కు ఉంది. మామూలు పరావలయ అద్దం వెలుగును తన ఎదుటికే, వచ్చిన దారిలోకే తిప్పి పంపుతుంది. దాన్ని అందుకోవడానికి రెండో అద్దాన్ని ఆ దారిలోనే నిలపాలి, దాన్ని మోసే పుల్లలు కావాలి. ఆ పుల్లల ప్రతి అంచు దగ్గరా వెలుగు వంగి పక్కలకు చెదురుతుంది. అందుకని పెద్ద పరావలయంలో నడిమి భాగాన్ని వదిలేసి, ఒక పక్కనుంచి తీసిన గుండ్రటి ముక్క ఆకారంలో అద్దాన్ని చేస్తారు. దాన్ని ఆఫ్-యాక్సిస్ పారబోలా అంటారు. దాని నాభి దారికి పక్కన పడుతుంది. వచ్చే వెలుగుకు ఎక్కడా అడ్డు తగలదు.

చెప్పడానికి ఒక వాక్యం, చేయడానికి నెలల పని. గుండ్రంగా తిప్పుతూ రుద్దితే గాజు సహజంగా గోళాకారానికి వస్తుంది. పరావలయం దానికి కొద్దిగా తేడా. ఆ పరావలయంలో పక్క ముక్క అయితే ఒక అంచున ఒక వంపు, ఎదురు అంచున మరో వంపు. తిప్పి రుద్దే పద్ధతి దానికి సరిపోదు. చిన్న పనిముట్టును కంప్యూటరు నడిపిస్తూ, ఎత్తుగా ఉన్న చోట ఎక్కువసేపు, పల్లంగా ఉన్న చోట తక్కువసేపు ఆడించాలి.

ఆ అద్దానికి ఆకారం వేరు, నునుపు వేరు. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ తేడా స్పష్టంగా తెలియాలి. ఆకారం సరిగా లేకపోతే బింబం మసకబారుతుంది. నునుపు లేకపోతే బింబం పదునుగానే ఉంటుంది కానీ దాని చుట్టూ లేత వెలుగు పొరలా పరుచుకుంటుంది. మామూలు కెమెరాకు ఆ పొర లెక్కలోకి రాదు. కరోనాగ్రాఫ్‌కు అదే ప్రాణాంతకం. లెక్క చిన్నదే: ఉపరితలం గరుకుదనాన్ని 4π తో హెచ్చించి, తరంగదైర్ఘ్యంతో భాగించి, వర్గం చేస్తే మొత్తం వెలుగులో ఎంత వంతు చెదురుతుందో వస్తుంది. 530 నానోమీటర్ల వెలుగుకు గరుకుదనం 1 నానోమీటరు ఉంటే లక్షలో 56 వంతులు చెదురుతాయి. దాన్ని 0.2 నానోమీటర్లకు తెస్తే లక్షలో రెండు వంతులకు కాస్త పైన. అయిదు రెట్లు నునుపు చేస్తే పాతిక రెట్లు లాభం. ఈ చెదిరిన వెలుగు అన్ని దిక్కులకూ పంచుకుపోతుంది కనుక కరోనా బింబం మీద పడేది అందులో కొద్ది భాగమే. అయినా చూడవలసినదే పదిలక్షల వంతైనప్పుడు ఆ కొద్దికి కూడా భయపడాల్సిందే. 0.2 నానోమీటర్లంటే పరమాణువు పరిమాణమని గుర్తుంచుకుంటే అద్దం పనివాడి మీద గౌరవం దానంతటదే కలుగుతుంది.

ఆ నునుపు ఎలా వస్తుంది? ముందు సిలికాన్ కార్బైడ్ పొడులతో, ముతకదాని నుంచి సన్నదానికి వస్తూ సానపడతారు. ప్రతి పొడీ తనకన్నా ముతకది చేసిన గుంటలను తుడిచి, తన గుంటలను వదులుతుంది. ఒక దశ నుంచి ఇంకో దశకు పోయేముందు గాజును, బల్లను, చేతులను, గోళ్ల సందులను కూడా కడగాలి. పాత పొడిలో ఒక్క రేణువు మిగిలినా అద్దం మీద గీత పడుతుంది, మళ్లీ మొదటికి రావాలి. సానపట్టడం అయ్యాక అద్దం పాలగాజులా తెల్లగా ఉంటుంది. అప్పుడు పిచ్ వంతు వస్తుంది. పిచ్ అంటే చెట్ల బంక నుంచో తారు నుంచో తీసే నల్లటి ముద్ద. కరిగించి పనిముట్టు మీద పోసి, చల్లారుతుండగా అద్దానికే అదిమి దాని వంపును పట్టిస్తారు. నీళ్లూ పొడీ కదలడానికి దాని మీద గళ్లుగా గాడులు కోస్తారు. గట్టిపడ్డాక బొటనవేలి గోరుతో నొక్కి చూస్తారు. గోరు కొద్దిగా దిగాలి, లోతుగా దిగకూడదు. మరీ గట్టి పిచ్ గీతలు పెడుతుంది, మరీ మెత్తటిది జారిపోయి ఆకారాన్ని పాడుచేస్తుంది. గది ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీలు మారితే పిచ్ గుణమే మారిపోతుంది. ఈ పిచ్ మీద సీరియం ఆక్సైడ్ కలిపిన నీళ్లు పోస్తూ గంటల తరబడి మెరుగు పెడతారు. రుద్దడం ఆపిన వెంటనే కొలవడానికి లేదు. రాపిడి వేడికి గాజు ఉబ్బి ఉంటుంది. అది చల్లారేదాకా ఆగాలి. ఈ పనిలో ఆగడం కూడా పనే.

ఈ చేతిపనికి మన దగ్గర మంచి పరంపర ఉంది. తమిళనాడులోని కావలూరు వేధశాలలో 1986 నుంచి పనిచేస్తున్న వేణు బప్పు టెలిస్కోపు 2.34 మీటర్ల అద్దాన్ని ఐఐఏ తన ఆప్టిక్స్ వర్క్‌షాపులోనే సానపట్టి మెరుగుపెట్టింది. ఆ సంస్థకు ప్రాణం పోసిన వేణు బప్పు హైదరాబాదులో పెరిగినవాడు. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు, కొడుకు నిజాం కాలేజీలో చదివాడు. అటు మచిలీపట్నంలో 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ కాలేజీ ప్రయోగశాలలకు పరికరాలు చేసేది. తరవాత దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. సైన్యానికి రాత్రిచూపు పరికరాలు ఇప్పుడు అక్కడే తయారవుతున్నాయి. గాజుకు మెరుగుపెట్టే పని తెలుగునాటికి కొత్తది కాదు.

మెరుగుపెట్టిన అద్దాన్ని కొలిచేది ఇంటర్‌ఫెరోమీటర్. హీలియం-నియాన్ లేజర్ వెలుగును రెండుగా చీల్చి, ఒకదాన్ని నమ్మకమైన ప్రమాణ ఉపరితలం మీదికి, రెండోదాన్ని మన అద్దం మీదికి పంపి, తిరిగొచ్చాక రెంటినీ కలిపితే నలుపు తెలుపు చారలు కనిపిస్తాయి. లేజర్ తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు. వెలుగు అద్దం దాకా వెళ్లి తిరిగొస్తుంది కనుక ఒక చారకూ పక్క చారకూ తేడా అందులో సగం, అంటే 316 నానోమీటర్ల ఎత్తు. చార ఎక్కడ వంగిందో అక్కడ గాజు ఎత్తుగానో పల్లంగానో ఉందన్నమాట. పరావలయాన్ని పరీక్షించడానికి అందమైన ఏర్పాటు ఉంది. నాభి దగ్గర చుక్కంత వెలుగు పెడితే పరావలయం దాన్ని సమాంతర కిరణాలుగా పంపుతుంది. ఎదురుగా మంచి చదునైన అద్దం నిలిపితే అవి వచ్చిన దారినే వెనక్కి వచ్చి మళ్లీ నాభి దగ్గర కలుస్తాయి. వెలుగు మన అద్దాన్ని రెండుసార్లు తాకుతుంది కనుక లోపం రెట్టింపై కనిపిస్తుంది. దాక్కోవడానికి దానికి చోటు ఉండదు.

ఇప్పుడు రంధ్రం దగ్గరికి వద్దాం. మొదటి అద్దం సూర్యబింబాన్ని రెండో అద్దం మీద గీస్తుంది. ఉదాహరణకు నాభ్యంతరం ఒక మీటరైతే ఆ బింబం వ్యాసం 9.3 మిల్లీమీటర్లు వస్తుంది. రెండో అద్దంలో రంధ్రం బింబం కన్నా కొద్దిగా పెద్దది: సూర్యుడి వ్యాసార్ధానికి 1.05 రెట్ల దాకా ఉన్నదంతా అందులోంచి పోతుంది. మన ఉదాహరణలో ఆ 0.05 అంటే మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా కాదు. ఆకాశంలో కొలిస్తే 48 ఆర్క్ సెకండ్లు. వ్యోమనౌక అంతకన్నా కాస్త పక్కకు చూసిందా, బింబం అంచు రంధ్రం దాటి అద్దం మీదికి వచ్చేస్తుంది, పదిలక్షల రెట్ల వెలుగు కరోనా దారిలో పడుతుంది. అందుకే నౌకను నిలిపే వ్యవస్థ గురిలో తేడా కొన్ని ఆర్క్ సెకండ్ల లోపే ఉండాలి.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది రంధ్రం వెనక ఉన్న మూడో అద్దం. బింబం వెలుగును అక్కడే ఒక నల్లటి పలకతో ఆపేయవచ్చు కదా అని మొదట అనిపిస్తుంది. కానీ మామూలుగా వాడే నల్లటి పూతలు వందలో కొన్ని వంతుల వెలుగును చెదరగొడతాయి. పైగా మింగిన 20 వాట్లూ వేడిగా మారి చుట్టుపక్కల అమరికను మెల్లగా వంచుతాయి. అందుకని ఆ వెలుగును ఆపరు. మూడో అద్దం దాన్ని పరికరం నుంచే బయటికి, శూన్యంలోకి తిప్పి పంపుతుంది. అక్కర్లేని వెలుగుకు కూడా ఒక దారి వేసి, ఆ దారిని కావలసిన వెలుగు దారంత శ్రద్ధగా గీయడం, అదీ ఈ రూపకల్పనలోని తెలివి.

అయినా అంతా పోదు. ముంగిటి కాంతిద్వారం అంచు దగ్గర వెలుగు వివర్తనం వల్ల వంగుతుంది. ఆ వంగిన వెలుగుకు రంధ్రంతో సంబంధం లేదు, అది కరోనాతో కలిసి ముందుకు వస్తుంది. దీనికి ఉపాయం లియోదే. తరవాతి దశలో ఒక చోట కాంతిద్వారం ప్రతిబింబమే ఏర్పడేలా ఏర్పాటు చేశాడాయన. అంచు నుంచి వచ్చిన వెలుగంతా ఆ ప్రతిబింబంలో సన్నటి ఉంగరంలా చుట్టూ చేరుతుంది. అక్కడ, ప్రతిబింబం కన్నా కొద్దిగా చిన్న రంధ్రం ఉన్న పలక పెడితే ఉంగరం ఆగిపోతుంది, నడుమనుంచి కరోనా వెలుగు దాటిపోతుంది. లియో స్టాప్ అని దాని పేరు. ఒక రేకు, దానికో బెజ్జం, అంతే వస్తువు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడమే విద్య.

ఆ పైన వెలుగు నాలుగు దారులుగా విడిపోతుంది. ఒకటి 500 నానోమీటర్ల దగ్గర మూడు సౌర వ్యాసార్ధాల దాకా బొమ్మలు తీస్తుంది. మిగతా మూడు 530.3, 789.2, 1074.7 నానోమీటర్ల గీతలను వర్ణపటంగా విడదీసి, ఒకటిన్నర వ్యాసార్ధాల దాకా చదువుతాయి. వర్ణపటానికి వెలుగు సన్నటి చీలికలోంచి రావాలి. ఒకే చీలికతో కరోనా అంతా జల్లించాలంటే చాలాసేపు పడుతుంది కనుక నాలుగు చీలికలు పెట్టారు, తలా ఒక భాగం చూస్తాయి. పరారుణ గీతకు మామూలు సిలికాన్ సెన్సర్ పనికిరాదు, దానికి ఇండియం గాలియం ఆర్సెనైడ్ సెన్సర్ అమర్చారు.

ఈ గీతల కథలో మన గుంటూరుకూ చోటుంది. 1868 ఆగస్టు 18 గ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులోనే తన వర్ణపటదర్శినిని నిలబెట్టాడు. సూర్యజ్వాలల వెలుగు కొన్ని గీతల్లోనే పోగుపడి ఉందని గమనించి, గ్రహణం లేకపోయినా ఆ గీతల్లో వాటిని చూడొచ్చని కనిపెట్టి, మర్నాడే చూశాడు. మరుసటి ఏడాది అమెరికాలో గ్రహణమప్పుడు కరోనాలో 530.3 నానోమీటర్ల ఆకుపచ్చ గీత దొరికింది. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోలేదు. కొత్త మూలకమనుకుని కరోనియం అని పేరు కూడా పెట్టారు. 1940 ప్రాంతంలో గ్రోట్రియాన్, ఎడ్లెన్ అనే శాస్త్రవేత్తలు దాన్ని తేల్చారు: 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన మామూలు ఇనుమే అది. ఇనుముకు ఆ గతి పట్టాలంటే సుమారు 20 లక్షల డిగ్రీల వేడి కావాలి. సూర్యుడి ఉపరితలం ఆరువేల డిగ్రీల లోపే. పైనున్న కరోనాకు అంత వేడి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు పూర్తి జవాబు కోసమే ఇలాంటి పరికరాలు. 2024 జూలై 16న సూర్యుడి నుంచి ఒక పెద్ద విస్ఫోటం లేచినప్పుడు అది మొదలైన చోట ఆకుపచ్చ గీత వెలుగు సగానికి పడిపోవడాన్ని వీఈఎల్‌సీ పట్టుకుంది. అక్కడి పదార్థం ఎగిరిపోయిందని దాని అర్థం.

ఇక అద్దాలను పట్టి నిలిపే పని. ఉద్యోగం కోసం చూసే మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలని కోరుకుంటాను. తమకు ఇక్కడ ఇంత పని ఉందని వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పడం లేదు. 150 మిల్లీమీటర్ల మామూలు ఆప్టికల్ గాజు ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు ఒక మైక్రాను, అంటే వెయ్యి నానోమీటర్లు పెరుగుతుంది. అందుకని జెరోడ్యూర్ వంటి గాజు-సిరామిక్ వాడతారు. అది అదే పరిస్థితిలో 10 నానోమీటర్ల లోపే పెరుగుతుంది. కానీ అద్దాన్ని పట్టుకునేది లోహం. అల్యూమినియం మీటరుకు డిగ్రీకి 23 మైక్రాన్లు సాగుతుంది. సాగే లోహం, సాగని గాజు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటే గాజు వంగుతుంది. కనుక అద్దం అంచున మూడు చోట్ల ఇన్వార్ మెత్తలు అంటిస్తారు. ఇన్వార్ అంటే 36 శాతం నికెల్ కలిపిన ఇనుము, సాగుదల చాలా తక్కువ. ప్రతి మెత్తనూ సన్నటి టైటానియం కాళ్ల జత మోస్తుంది. ఏ వస్తువైనా ఆరు రకాలుగా కదలగలదు: మూడు వైపులకు జరగడం, మూడు అక్షాల మీద తిరగడం. ఒక్కో జత కాళ్లు రెండేసి కదలికలను ఆపుతాయి. మూడు జతలు, ఆరు కదలికలు, లెక్క సరిపోయింది. ఏడో పట్టు ఏది పెట్టినా అది అద్దాన్ని వంచడానికే పనికొస్తుంది. లోహం సాగినప్పుడు సన్నటి కాళ్లు కొద్దిగా వంగి ఆ సాగుదలను తాము తీసుకుంటాయి, అద్దం మీదికి రానివ్వవు. అయినా రాకెట్ కుదుపుకు విరక్కూడదు. మెత్తగానూ ఉండాలి, గట్టిగానూ ఉండాలి. ఆ కాలి మందం ఎంతన్నది తేల్చడానికి ఒక ఇంజనీరు వారాల తరబడి కూర్చుంటాడు.

అంటించే జిగురుకూ నియమాలున్నాయి. ఆరేటప్పుడు అది ముడుచుకుంటూ గాజును లాగుతుంది. పొర మందం అంతటా ఒకేలా రావడానికి మధ్యలో సన్నటి గాజుపూసలు కలుపుతారు. శూన్యంలో జిగురు నుంచి ఆవిర్లు వెలువడి చల్లటి అద్దాల మీద పేరుకుంటాయి. అందుకే వేడి శూన్యంలో ఉంచినప్పుడు బరువులో ఒక శాతం కన్నా ఎక్కువ కోల్పోయే పదార్థాలను మామూలుగా లోపలికి రానివ్వరు.

ఈ లోపాలన్నిటినీ ఒకచోట రాసే పట్టికను ఎర్రర్ బడ్జెట్ అంటారు. కొత్తగా చేరిన ఇంజనీరు ముందుగా చదవడం నేర్చుకోవలసినది దీన్నే. పదునైన బింబానికి కాంతితరంగంలో మొత్తం వంకర తరంగదైర్ఘ్యంలో పద్నాలుగో వంతు దాటకూడదన్నది పాత నియమం. 530 నానోమీటర్లకు అది 38. నెల జీతాన్ని అద్దెకూ బియ్యానికీ ఫీజులకూ పంచుకున్నట్టు ఆ 38ని అద్దాల తయారీకీ, అమరికకూ, వేడికీ, భూమ్యాకర్షణకూ, రాకెట్ కుదుపుకూ పంచాలి, కొంత చేతిలో ఉంచుకోవాలి. అద్దం మీద 10 నానోమీటర్ల మిట్ట ఉంటే వెలుగు వచ్చి తిరిగిపోతుంది కనుక తరంగంలో అది 20 అవుతుంది. అయితే ఒకదానితో ఒకటి సంబంధం లేని లోపాలను నేరుగా కూడరు. వర్గాలు కూడి వర్గమూలం తీస్తారు. పదేసి నానోమీటర్ల లోపాలు పది కలిస్తే 100 కాదు, 32. ఈ ఒక్క సూత్రం లేకపోతే అంతరిక్ష టెలిస్కోపు ఏదీ కట్టడం సాధ్యమయ్యేది కాదేమో. భూమ్యాకర్షణ సంగతి మరీ విచిత్రం. నేల మీద అద్దం తన బరువుకు తానే కుంగుతుంది, కక్ష్యలో ఆ కుంగు పోతుంది. అందుకని ఒకసారి ఇటు, ఒకసారి తలకిందులుగా కొలిచి, రెంటి సగటు తీసుకుంటారు. అక్కడ ఎలా ఉంటుందో ఇక్కడే తెలుస్తుంది.

కరోనాగ్రాఫ్‌కు దుమ్ము కూడా గరుకుదనమే. వీఈఎల్‌సీని కూర్చింది హోస్కోట దగ్గర ఐఐఏ ప్రాంగణంలోని క్లీన్‌రూములో. క్లాస్ 10 అనే స్థాయి గదిలో ఒక ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను, అంతకు పైబడిన రేణువులు పదికి మించకూడదు. మామూలు గదిలో అవి లక్షల్లో ఉంటాయి. అలాంటి చోట మనిషే పెద్ద దుమ్ము మూట. తల నుంచి కాలిదాకా కప్పుకుని, నెమ్మదిగా నడవాలి, అద్దానికి ఎగువ గాలిలో నిలబడకూడదు. స్క్రూ బిగించిన ప్రతిసారీ ఎంత బలంతో బిగించారో చిట్టాలో రాయాలి, పక్కన ఇంకొకరు చూసి సంతకం చేయాలి.

చూసి సంతకం చేసే ఆ రెండో మనిషి ఎందుకో హబుల్ టెలిస్కోపు చెబుతుంది. 1990లో పైకి వెళ్లిన దాని 2.4 మీటర్ల అద్దాన్ని అద్భుతమైన నునుపుతో, తప్పు ఆకారంలో మెరుగుపెట్టారు. అంచు దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువ చదును. పరీక్షకు వాడిన పరికరంలో ఒక లెన్సు ఉండాల్సిన దూరానికి 1.3 మిల్లీమీటర్ల తేడాతో అమరింది. అద్దం ఆ పరికరానికి నూటికి నూరుపాళ్లు లొంగింది. వేరే రకం పరీక్షలో తేడా కనిపించింది కూడా, కానీ మొదటి పరికరమే మేలైనదని నమ్మి రెండోదాని మాట పక్కనపెట్టారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దిద్దుబాటు అద్దాలు పెట్టాల్సి వచ్చింది. రెండు కొలతలు విభేదిస్తే కారణం దొరికేదాకా పని ఆపాలని ఆ సంఘటన ఈ వృత్తికంతటికీ నేర్పింది.

చదువుల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఇంటర్ ఎంపీసీ తరవాత భౌతికశాస్త్రం, మెకానికల్, ఎలక్ట్రానిక్స్, ఏ దారిలోంచైనా రావచ్చు. తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీలో ఆప్టికల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ ఉంది. ఐఐటీ ఢిల్లీలో, కలకత్తా విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆప్టిక్స్ చదువులున్నాయి, కొచ్చిన్‌లో ఫోటానిక్స్ ఉంది. పనిచేసే చోట్లు: భూమిని చూసే కెమెరాలకు అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్, స్టార్ సెన్సర్లకూ లెన్సులకూ బెంగళూరులోని లియోస్, ఖగోళ పరికరాలకు ఐఐఏ, ఆదిత్యలోని అతినీలలోహిత టెలిస్కోపును చేసిన పుణెలోని ఐయూకా. రక్షణ రంగంలో దెహ్రాదూన్ ఐఆర్‌డీఈ, హైదరాబాదులోని డీఆర్‌డీఓ ప్రయోగశాలలు. ఇప్పుడు బెంగళూరు పిక్సెల్ లాంటి ప్రైవేటు కంపెనీలు కూడా ఉపగ్రహ కెమెరాలు చేస్తున్నాయి. జీమాక్స్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్ రావాలి, పైథాన్ రావాలి. కానీ సాఫ్ట్‌వేర్ గీసిన కిరణాలు ఎప్పుడూ అది చెప్పిన చోటికే పోతాయి. నిజమైన వెలుగు అలా పోదని చేతులకు తెలియాలి.

అందుకు ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. 150 మిల్లీమీటర్ల గాజుబిళ్ల తీసుకుని 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరానికి మీరే సానపట్టండి. ముందు గోళంగా చేసి, తరవాత పరావలయానికి తేవాలి. నడుమ ఒకే వంపు ఉన్న గోళానికీ పరావలయానికీ అంచు దగ్గర తేడా 0.3 మైక్రాన్ల లోపే. ఆ తేడాను 1858లో ఫూకో కనిపెట్టిన పద్ధతిలో, సూదిబెజ్జమంత వెలుగుతో, ఒక షేవింగ్ బ్లేడుతో చూడొచ్చు. అద్దానికి 2.4 మీటర్ల దూరంలో, వక్రతా కేంద్రం దగ్గర వెలుగును పెట్టి, తిరిగొచ్చే కిరణాలు కలిసే చోట బ్లేడును మెల్లగా అడ్డం జరపాలి. గోళం సరిగ్గా కుదిరితే అద్దమంతా ఒక్కసారిగా బూడిదరంగుకు మారుతుంది. మిట్టపల్లాలుంటే కొండలూ లోయల్లా నీడలు లేస్తాయి, నానోమీటర్ల ఎత్తు కంటికి కనిపిస్తుంది. నీడలను కాగితం మీద గీసుకోండి. తరవాత అద్దాన్ని దాని పీఠంలోనే 90 డిగ్రీలు తిప్పి, అది చల్లారేదాకా ఆగి, మళ్లీ చూడండి. ఒక పక్కన కనిపించిన నీడ అద్దంతోపాటు తిరిగితే లోపం గాజులో ఉంది, మళ్లీ పిచ్ దగ్గరికి వెళ్లాలి. నీడ ఉన్నచోటే ఉండిపోతే గాజును ముట్టుకోవద్దు, లోపం పీఠంలోనో పరీక్ష ఏర్పాటులోనో ఉంది.